నాన్న చేదుతిత్తి

ఆపరేషన్ థియేటర్లో పదహారేళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. ఎవరి కడుపు కోసినా నిలబడ్డచోటు నుంచి కదల్లేదు. అలాంటిది ఆ బుధవారం పొద్దున, మగవాళ్ళ వార్డు ముందు వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. తుడిచే ఆవిడ రెండుసార్లు తిట్టింది, తడి నేల తొక్కుతున్నావని. లోపల మా నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. సంతకం పెట్టనంటున్నాడు.

ఆయన పేరు బగాయన్. మా ఊళ్ళో మన్‌బునొంగ్ ఆయనే. పూజకు కోసిన పంది కార్జం పైకి తీసి, దానికి అంటుకుని ఉండే చేదుతిత్తిని చూసి మంచో చెడో చెప్పడం ఆయన పని. ఇల్లు కట్టాలన్నా, పెళ్ళి చెయ్యాలన్నా, జబ్బుపడ్డవాళ్ళను ఊరు దాటించాలన్నా ముందు ఆ తిత్తి సంగతి తేలాలి. నిండుగా, నునుపుగా, కొన బయటికి తిరిగి ఉంటే మంచిది. ముడుచుకుపోయి, మచ్చలు పడి, కార్జంలోకి మొహం దాచుకుంటే చెడ్డది. చెడ్డదైతే ఇంకో పందిని తెచ్చి కొయ్యాలి. మంచిది వచ్చేదాకా అంతే.

యాభై ఏళ్ళుగా ఊరందరి పందుల చేదుతిత్తులు చూసిన మనిషికి ఇప్పుడు సొంతదే చెడింది. దాన్నిండా రాళ్ళు. ఎన్నేళ్ళుగా నొప్పి ఓర్చుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. ఎవరింట్లోనో పొగలో ఎండబెట్టిన పంది కొవ్వు కడుపునిండా తిని, ఆ రాత్రి నుంచి మెలికలు తిరిగిపోతుంటే ఊరివాళ్ళు జీప్‌నీ బండి ఎక్కించి బాగియోలో మా ఆసుపత్రికి పంపారు. నాలుగు రోజులైనా జ్వరం దిగలేదు. ఇంకో రెండు రోజులు ఆగితే తిత్తి చిట్లి, లోపలి చీము కడుపంతా పాకుతుందని డాక్టర్ చెప్పాడు. ఆ మాట నాకు ఎవరూ వివరించనక్కర్లేదు. అలా వచ్చినవాళ్ళను చూశాను. బతికి వెళ్ళినవాళ్ళు తక్కువ.

మళ్ళీ లోపలికి వెళ్ళాను. "నాన్నా, ఇంకెంతసేపు ఆలోచిస్తావు?"

"తొందరేమొచ్చింది? పందినైతే కట్టేసి ఉంచుతారు, పారిపోతుందని. నేనెక్కడికి పోతాను, ఈ సూదితో?" అన్నాడు, గోడతో మాట్లాడుతున్నట్టు.

"సంతకం పెట్టు."

"ఊరికి తీసుకెళ్ళు. పూజల్లో నా పక్కనుండే పలీదన్ ఉన్నాడుగా, పందిని కోస్తాడు. మంచిదొస్తే తిరిగొస్తాను. అప్పుడు నీ ఇష్టం, నిలువునా కోసుకో."

"ఏడు గంటల దారి! ఆ గుంతల్లో బండి ఒక్కసారి ఎగిరిపడితే చాలు, దారిలోనే చిట్లుతుంది."

"చిట్లితే చిట్లనీ."

ఒళ్ళు మండింది. వార్డులో పద్నాలుగు మంది రోగులున్నారని, వాళ్ళ చుట్టాలున్నారని, నేనక్కడ పని చేసేదాన్నని గుర్తులేదు. "అమ్మకూ ఇలాగే చేశావు!" అని అరిచాను. "పంది, పంది, ఇంకో పంది! మూడు రోజులు పందుల్ని కోస్తూ కూర్చుని అమ్మను చంపావు!"

పక్క మంచం మీది ముసలాయన చెంచా నోటి దగ్గరే ఆగిపోయింది. నాన్న కదల్లేదు. ఆయన వీపు మాత్రం కనిపిస్తోంది, గౌను ముడుల మధ్య నుంచి.

మా అమ్మ పేరు సపాయ్. నాకు పదకొండేళ్ళప్పుడు ఆమెకు బొడ్డు దగ్గర నొప్పి మొదలైంది. మర్నాటికి కుడివైపు పొత్తికడుపులోకి దిగింది. మొదటి పందిని కోశారు, చెడ్డది. రెండో రోజు ఇంకోటి, అదీ చెడ్డదే. మూడో రోజు మూడోది. నాన్న వాకిట్లో నిలబడి మంచిదని ప్రకటించాకే, దుప్పటిని కర్రకు ఊయలలా కట్టి, అమ్మను అందులో పడుకోబెట్టి ఎనిమిది మంది రోడ్డుకు మోసుకుపోయారు. రోడ్డు చేరకుండానే అమ్మ పోయింది. అపెండిక్స్ పగిలిందని తర్వాత ఆసుపత్రివాళ్ళెవరో చూసి కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితాన్ని నేను ఎన్నిసార్లు చదివానో. నర్సునవడానికి కారణం అదే. ఊరు వదిలి రావడానికీ అదే. ముప్పై ఏళ్ళలో మా నాన్నతో నేను మనసు విప్పి మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయన మీద నాకు కోపం అన్నం తిన్నంత అలవాటైపోయింది.

ఇంతలో డాక్టర్ పక్యాయా వచ్చాడు. మా కొండల్లోనే బొంతోక్ వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. చేతిలో గోడ మీంచి పీకిన పటం ఒకటి ఉంది, మనిషి జీర్ణవ్యవస్థది. పెద్దవాళ్ళను మేమంతా అపో అంటాం. ఆయనా అలాగే పిలిచాడు.

"అపో, మీ అమ్మాయి గొంతు కింద టీకొట్టు దాకా వినిపించింది. కాస్త ఇటు తిరగండి, ఒకటి చూపిస్తాను."

నాన్న తిరిగాడు. నా కోసం తిరగని మనిషి ఆ పటం కోసం తిరిగాడు. డాక్టర్ దాన్ని మంచం మీద పరిచాడు. నోరు, అన్నవాహిక, ఎడమవైపు సంచిలా జీర్ణాశయం. నాన్న మెడ ముందుకు చాచి, వేలితో దాని వెంటే వెళ్ళాడు.

"ఇది కార్జం. కుడివైపు, పక్కటెముకల కింద. దీని అడుగునే చేదుతిత్తి," అన్నాడు డాక్టర్.

"నాకు చెప్తున్నావా?" నాన్న గొంతులో నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కాస్త జీవం వినిపించింది. "కార్జంలో చేదు ఊరుతుంది, తిత్తిలో నిలవుంటుంది, కొవ్వు తిన్నప్పుడు ఈ సన్నగొట్టంలోంచి చిన్నపేగులోకి దిగుతుంది. మరి ఇక్కడ ఆకులా ఉండేదేది? పేగు మెలికలో ఇరుక్కుని ఉంటుంది చూడు, మెత్తగా, తెల్లగా."

"క్లోమం. జీర్ణాశయం వెనకాల దాక్కుంది, ఈ బొమ్మలో సరిగ్గా కనపడదు."

"బొమ్మ గీసినవాడు ఎప్పుడూ దేన్నీ కోసినట్టు లేడు."

డాక్టర్ నవ్వాడు. "వంద మంది స్టూడెంట్లకు పాఠం చెప్తాను అపో. వాళ్ళలో సగం మందికి ఇది తెలీదు."

"పందికీ నాకూ తేడా లేదన్నమాట."

"తోకొక్కటే తక్కువ," అన్నాను నేను, ఉండబట్టలేక.

నాన్న నావైపు చూడలేదు. ఆయన వేలు పెద్దపేగు మీదికి వెళ్ళింది. "ఇది తేడా. పందికి ఈ పేగు నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుంది. మనిషికేంటి, గుమ్మం చుట్టూ ద్వారబంధంలా వెళ్ళింది?" అంటూ కిందికి, కుడివైపు మూలకు వచ్చి ఆగాడు. అక్కడ పెద్దపేగు మొదట్లో వానపాములాంటిది వేలాడుతోంది. "ఇదేంటి?"

"అపెండిక్స్."

"పందికి లేదే ఇది."

"లేదు. పందికి ఉండదు."

నాన్న వేలు అక్కడే ఉండిపోయింది. "సపాయ్‌కి పగిలింది ఇదేనా?" అని అడిగాడు, ఎవరినన్నది తెలియకుండా. డాక్టర్ నావైపు చూశాడు. నేను తలూపాను. డాక్టర్ మెల్లగా అవునన్నాడు.

తర్వాత నాన్న పటం మడిచి డాక్టర్ చేతికిచ్చాడు. "సంతకం పెడతాను. కానీ కోసే ముందు ఎవరో ఒకరు చూడాలి, అది కార్జానికి అంటుకుని ఉండగానే. ఎవరి కోసం పూజో వాళ్ళే చూసుకోకూడదు. అయినా నేను నిద్రలో ఉంటానుగా. జొవిటా చూస్తుంది."

"నేనా? నాకేం తెలుసు?"

"నీకు ఏడేళ్ళప్పుడే నేర్పాను. మర్చిపోయాననకు." అప్పుడు నా కళ్ళలోకి చూశాడు. "మంచిదైతే కొయ్యమను. చెడ్డదైతే ఆపి, కుట్లేసి బయటికి పంపించమను. ఊళ్ళో పందిని కోసి మళ్ళీ వద్దాం. మాటివ్వు."

"సరే."

"సరే కాదు. మీ అమ్మ మీద ఒట్టెయ్యి."

ఆయన్ని బతికించడానికి ఆ క్షణంలో నేను ఎవరి మీదైనా ఒట్టేసేదాన్ని. అమ్మ మీద వేశాను. ఆయన బొటనవేలి ముద్ర కాదు, పూర్తి సంతకమే పెట్టాడు, పెద్ద పెద్ద అక్షరాలతో.

మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్ళారు. నాకు ఆ రోజు డ్యూటీ లేదు. అయినా పచ్చబట్టలు వేసుకుని, చేతులు కట్టుకుని మానిటర్ తెర ఎదురుగా నిలబడ్డాను. తిత్తిని కోసే ముందు ఒక్కసారి నావైపు చూడమని డాక్టర్‌ను అడిగాను. ఆయన ఎందుకని అడగలేదు. బొంతోక్ వాళ్ళకూ పూజకు కోసి చూసే కోళ్ళున్నాయి, కోళ్ళకూ చేదుతిత్తులున్నాయి.

కడుపులోకి గాలి ఎక్కించి, బొడ్డు దగ్గర చిన్న రంధ్రంలోంచి కెమెరా దించారు. వేలసార్లు చూసిన దృశ్యమే. పసుపుపచ్చ కొవ్వు తెర, దాని వెనక లేతగా మెరిసే జీర్ణాశయం, పైన ముదురు ఎరుపు కార్జం అంచు. కానీ అది మా నాన్న లోపల. పందిలో చూపిస్తూ నాకు నేర్పినవన్నీ ఆయనలో వరసగా కనిపిస్తున్నాయి. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ ఉన్నాను. పక్కనున్న మత్తు డాక్టరమ్మ, "బాత్రూమ్‌కి వెళ్ళాలా ఏంటి?" అని గుసగుసలాడింది.

కార్జం కింద కొవ్వు తెర అతుక్కుపోయి ఉంది. డాక్టర్ దాన్ని కొంచెం కొంచెంగా ఒలిచాడు. కార్జాన్ని పైకెత్తాడు. తిత్తి కనిపించింది.

ఏడేళ్ళప్పుడు నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు. బొటనవేలంత అయింది, ముడుచుకుపోయి. ఒక పక్క నల్లగా మచ్చ, ఇంకో పక్క బూడిద రంగు. కొన బయటికి తిరగలేదు, కార్జంలోకి దూరి మొహం దాచుకుంది. నా జీవితంలో, పందిలో గానీ కోడిలో గానీ, అంత చెడ్డదాన్ని చూడలేదు. నర్సుగా చూస్తే, వెంటనే తీసేయాల్సిన తిత్తి. బగాయన్ కూతురిగా చూస్తే, ముట్టుకోకూడని తిత్తి.

డాక్టర్ చేతులు ఆపి నావైపు చూశాడు. "జొవిటా?"

అమ్మ మీద ఒట్టేశాను. నాకు ఆ పందుల మీద నమ్మకం లేదని ముప్పై ఏళ్ళుగా అనుకుంటున్నాను. నమ్మకం లేనిదాన్నయితే అంత భయం ఎందుకు వెయ్యాలి? నేను కొయ్యమంటే, రేపు ఏదైనా జరిగితే, చంపింది నేనే కదా. అరనిమిషం పట్టిందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. నాకు మాత్రం ఏడు గంటల దారంత అనిపించింది.

"కొయ్యండి డాక్టర్," అన్నాను.

గంటన్నర పట్టింది. ఆపరేషన్ బాగానే జరిగింది. నాన్న కళ్ళు తెరిచేసరికి నేను అక్కడ లేను. ఆ సాయంత్రం, మర్నాడంతా కూడా లేను. జ్వరం ఎంతుందో, గంజి తాగాడో లేదో వార్డు నర్సుల్ని అడిగి తెలుసుకున్నాను. తలుపు సందులోంచి చూసి వెళ్ళిపోయాను. అందరూ నాకు పనెక్కువైందనుకున్నారు. అబద్ధం చెప్పాల్సి వస్తుందని భయపడి నేను దాక్కున్నాను, నలభై ఒక్కేళ్ళ మనిషిని.

శుక్రవారం పొద్దున పలీదన్ దిగాడు. నాన్న తోటివాడు, చిన్నప్పటి నుంచీ పూజల్లో పక్కన నిలబడేవాడు, ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. ఊరి తరఫున వచ్చాడు. చెడ్డదైతే ఊళ్ళో పందిని కొయ్యాలి, నాన్న తిరిగి వచ్చేలోపు. అందుకని నన్ను మంచం దగ్గరికి లాక్కొచ్చినంత పని చేశాడు.

"ఏమ్మాయ్, చూశావా లేదా? పెద్ద చదువు చదివావని కళ్ళు మూసుకున్నావా?"

"చూశాను అపో."

"గట్టిగా చెప్పు, నా చెవులకు ఎక్కట్లేదు. ఎలా ఉంది?"

నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. జ్వరం తగ్గింది, మొహంలో రంగు వచ్చింది. ఇప్పుడు చెడ్డదని చెప్తే ఈ మనిషి తిండి మానేస్తాడు. పోవాలని రాసి ఉందనుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆ మొండితనం నాకు తెలుసు, నాదీ అదే.

"మంచిది అపో. నిండుగా ఉంది, నునుపుగా ఉంది, కొన బయటికి తిరిగి ఉంది. మెరుస్తోంది. డాక్టర్ కూడా ఇంత మంచిదాన్ని చూడలేదన్నాడు," అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

పలీదన్ నన్ను చూశాడు, తర్వాత నాన్నను చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. "అయితే పంది అక్కర్లేదు. బతికిపోయింది మహాతల్లి," అన్నాడు. కాసేపు నిలబడి, కాఫీ తాగొస్తానని కర్ర పట్టుకుని వెళ్ళిపోయాడు.

నేనూ లేవబోయాను.

"జొవిటా." నాన్న కళ్ళు తెరవలేదు. "కొన ఎటు తిరిగి ఉంది?"

"చెప్పాను కదా. బయటికి."

"మెరుస్తోందా?"

"మెరుస్తోంది."

"నిండా రాళ్ళున్న తిత్తి మెరుస్తుందటే?"

ఆయన నవ్వబోయాడు. కుట్లు లాగి, కడుపు పట్టుకుని మూలిగాడు. "గబగబా చెప్పావు. మంచిదాన్ని చూసినవాళ్ళు అంత గబగబా చెప్పరు. నెమ్మదిగా, నోరూరుతున్నట్టు చెప్తారు. తొందరపడేది అబద్ధమాడేవాళ్ళే."

"నీకెలా తెలుసు?"

"నేనూ ఒకసారి ఇలాగే గబగబా చెప్పాను."

అప్పుడు కళ్ళు తెరిచాడు. పైకప్పు చూస్తూ మాట్లాడాడు. "మీ అమ్మకు కోసిన మూడో పంది. అదీ చెడ్డదే. మొదటి రెండిటికన్నా చెడ్డది. పలీదన్ పక్కనే ఉన్నాడు, చూశాడు, నోరెత్తలేదు. ఇంకోదాన్ని తోలుకురావాలంటే కొండ దిగి వెళ్ళాలి, రేపవుతుంది. ఆమె పెదాలు నల్లబడ్డాయి. నన్ను చూసి గుర్తుపట్టలేదు. ఇంక నావల్ల కాలేదు. వాకిట్లోకి వచ్చి మంచిది, మంచిదని అరిచాను. ఎత్తుకోండ్రా అన్నాను."

నేను మంచం రాడ్డు పట్టుకున్నాను.

"కదిలించొద్దని ఉంటే కదిలించాను. దారిలోనే పోయింది. ఊరంతా నమ్మిన నోటితో అబద్ధం చెప్పి చంపుకున్నాననుకున్నాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఒకళ్ళ పెళ్ళికి ఎనిమిది పందులు కోయించాను, వాళ్ళు కాళ్ళ మీద పడ్డా సరే. మూడు రోజులు ఆగినందుకు నువ్వు నన్ను తిట్టుకున్నావు. ఆగలేకపోయినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను." నావైపు తల తిప్పాడు. "నువ్వు నర్సువి. ఇలాంటివి రోజూ చూస్తావు. చెప్పు. నా అబద్ధమేనా దాన్ని చంపింది?"

ముప్పై ఏళ్ళు. ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, వేరే ఊళ్ళలో ఉన్నన్నాళ్ళూ, ఒకే చావును ఇద్దరం రెండు చివర్ల నుంచి మోశాం. ఈ మనిషిని నేను ఎంత ద్వేషించానో, అంతకన్నా ఎక్కువ ఆయనే తనను ద్వేషించుకున్నాడు. జాలేసింది. ఆయన మీద, నా మీద కూడా. కాదు నాన్నా, నీ తప్పేం లేదు, ఎప్పుడు తీసుకెళ్ళినా పోయేదే అని చెప్పొచ్చు. రోగుల చుట్టాలకు అలాంటివి ఎన్ని చెప్పలేదు? ఆయన చెయ్యి పట్టుకున్నాను. సూది గుచ్చినచోట కమిలి ఉంది. ఈసారి తొందరపడలేదు.

"కాదు నాన్నా. నీ అబద్ధం చంపలేదు," అన్నాను. "మొదటి పందికే చెప్పాల్సింది ఆ అబద్ధం."

ఆయన చెయ్యి లాక్కోలేదు. "తెలుసే," అన్నాడు.

నేను ఆ మంచం మీదే, ఆయన పక్కన కూర్చుని, వార్డంతా చూస్తుండగా ఏడ్చాను.